రిపోర్టులు బాగున్నాయి, మనిషే బాగాలేదు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. రాసింది ముందుగా చదివి, రెండు చోట్ల అక్షరదోషాలు కూడా దిద్ది ఇచ్చారు. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇక్కడ ఆమెను టీచర్ గారు అనే అంటాను. హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా నా దగ్గరికి షుగర్, బీపీ, గుండె జబ్బులున్నవాళ్లు చాలామందే వస్తారు. ఎక్కువమంది జబ్బు ముదిరాక దిగులుతో వస్తారు. ఈవిడ జబ్బు అదుపులోకి వచ్చాక వచ్చారు. రాయాలనిపించింది అందుకే.

నేపథ్యం

వయసు అరవై మూడు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యారు. భర్త పోయి ఆరేళ్లు. దిల్‌సుఖ్‌నగర్ వైపు సొంత ఇంట్లో ఒక్కరే ఉండేవారు. కూతురు, అల్లుడు మియాపూర్ దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో ఉంటారు. కొడుకు అమెరికాలో. షుగర్ వచ్చి పదమూడేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ టాబ్లెట్లు వాడేవారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎనిమిదికి అటూ ఇటూగా ఉండేది. గొప్పగా లేదు, అలాగని భయపడేంతగానూ లేదు.

కార్తీక మాసంలో ఒక సోమవారం ఉపవాసం ఉన్నారు. పొద్దున అలవాటుగా గ్లిమెపిరైడ్ వేసుకున్నారు. నక్షత్రాలు కనిపించేదాకా ఏమీ తినలేదు. సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టబోతూ పడిపోయారు. పక్కింటివాళ్లు చూసి ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి షుగర్ 38కి పడిపోయి ఉంది. నుదుటి మీద కుట్లు పడ్డాయి. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను ఊరిస్తుంది. అందుకే రోజంతా పస్తున్నవాళ్లను అది పడేస్తుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పదమూడేళ్లుగా చీటీ మీద 'టిఫిన్‌కి ముందు' అని మాత్రం ఉంది. టిఫిన్ లేని రోజు ఏం చేయాలో లేదు.

డిశ్చార్జ్ అప్పుడు డాక్టరు గ్లిమెపిరైడ్ తీసేసి, షుగర్ మరీ పడిపోయే ప్రమాదం చాలా తక్కువగా ఉండే సిటాగ్లిప్టిన్ పెట్టారు. మెట్‌ఫార్మిన్ కొనసాగించారు. వైద్యపరంగా సమస్య దాదాపు అక్కడితో తీరిపోయింది.

ఇంట్లో మాత్రం అక్కడే మొదలైంది. కూతురు వాళ్ల అమ్మను తన దగ్గరికి తెచ్చేసుకుంది. చేతికి గ్లూకోజ్ సెన్సర్ పెట్టించారు. చర్మం కింద ఉండే ద్రవంలోని చక్కెరను అది కొన్ని నిమిషాలకోసారి కొలిచి ఫోన్‌కు పంపుతుంది. ఆ అంకె టీచర్ గారి ఫోన్‌తో పాటు కూతురి ఫోన్‌లోనూ, అమెరికాలో కొడుకు ఫోన్‌లోనూ కనిపించేలా ఏర్పాటు చేశారు. మందుల డబ్బా కూతురి అల్మారాలోకి వెళ్లింది. వంటింట్లోకి ఆమె వెళ్లనక్కర్లేకుండా వంటమనిషి వచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద టైమ్‌టేబుల్ అతికించారు. వాకింగ్ కమ్యూనిటీ లోపలే, అదీ తోడుంటేనే. ప్రేమ లేక చేసిన పనులు కావివి. నిజానికి అన్నీ ప్రేమతో, భయంతో చేసినవే.

ఐదు నెలల్లో హెచ్‌బీఏ1సీ 6.6కి వచ్చింది.

నా దగ్గరికి వచ్చినప్పుడు

ఏప్రిల్‌లో ఆమె షుగర్‌ను చూసే ఎండోక్రినాలజిస్టు పంపించారు. చీటీలో ఆయన రాసింది రెండే ముక్కలు. షుగర్ ఇంత బాగా ఎప్పుడూ లేదు, మనిషి ఇంత నీరసంగా ఎప్పుడూ లేరు.

మొదట మాట్లాడింది కూతురు. "అన్నీ మేమే చూసుకుంటున్నామండీ, అమ్మకి ఏ లోటూ లేదు. అయినా నిద్రపోదు, మాట్లాడదు, టీవీ పెడితే చూడదు." మధ్యలో నేను టీచర్ గారి వైపు తిరిగి, పొద్దున ఏం తిన్నారని అడిగాను. ఆవిడ జవాబు చెప్పే ముందు కూతురి ముఖం చూశారు. దాన్ని నోట్స్‌లో రాసుకున్నాను. తర్వాత నా ఆలోచన చాలావరకు ఆ చూపు చుట్టూనే తిరిగింది.

కూతురిని బయట కూర్చోమని చెప్పాక కాసేపటికి ఆవిడ అన్న మాట ఇది: "నాకు ఆకలేస్తోందో లేదో కూడా వాళ్లే ఫోన్ చూసి చెప్తారమ్మా."

డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9లో 27కి 17 వచ్చింది. పదిహేను దాటితే తేలిగ్గా తీసుకోకూడదు. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఆమె, "పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది, అంతకు మించి ఏం లేదు" అన్నారు. సూటిగానే అడిగాను, ఏదైనా చేసుకోవాలని ఎప్పుడైనా అనుకున్నారా, మందులు దాచిపెట్టుకున్నారా అని. లేదన్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఆమె ఫోన్‌లో సేవ్ చేయించాను. దిగులు ఎక్కువైన రాత్రి తెలుగులోనే మాట్లాడొచ్చని చెప్పాను. ఆ తర్వాత కొన్ని వారాలు ప్రతిసారీ ఈ ప్రశ్న మళ్లీ అడిగాను.

షుగర్ వల్ల కలిగే మానసిక భారాన్ని చూసే పెయిడ్ అనే ప్రశ్నావళి కూడా ఇచ్చాను. వందకు 56. నలభై దాటితే ఎక్కువ కింద లెక్క. ఈ రెండిటినీ విడివిడిగా చూడడం నాకు అలవాటు. డిప్రెషన్ బతుకంతా కమ్మేస్తుంది. షుగర్ భారం మాత్రం జబ్బుతో రోజూ వేగడం వల్ల వచ్చే అలసట, అపరాధ భావం, విసుగు. ఈవిడలో రెండూ ఉన్నాయి. ఏది ముందు వచ్చిందన్నది చూడాలి. పాత ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు, దిగులు లేదు. అది వచ్చింది మియాపూర్ వచ్చాకే.

ఒంటికి సంబంధించిన కారణాలు తేల్చకుండా మనసు దగ్గరికి పోకూడదు. థైరాయిడ్ సరిగానే ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు, దానివల్ల నీరసం, దిగులు రావచ్చు. ఆమెకు కొంచెం తక్కువే వచ్చింది, డాక్టరు మందు మొదలుపెట్టారు. జ్ఞాపకశక్తి పరీక్ష మామూలుగా ఉంది. వందలోంచి ఏడేసి చొప్పున తీసేయమంటే మాత్రం, "ఏడో తరగతి పిల్లలకు కూడా ఇంత తేలికది ఇవ్వను" అని కోప్పడ్డారు. ఆ రోజు ఆమెలో నేను చూసిన ఒకే ఒక్క చురుకు అది.

ఎలా ఆలోచించాను

తన ఆరోగ్యం ఎవరి చేతుల్లో ఉందని మనిషి నమ్ముతున్నాడన్నది మనస్తత్వశాస్త్రంలో పాత ప్రశ్నే. 1978లో కెన్నెత్ వాల్‌స్టన్, బార్బరా వాల్‌స్టన్, రాబర్ట్ డెవెలిస్ దీన్ని మూడుగా విడదీసి అడిగారు. నా చేతుల్లో ఉందా, డాక్టర్ల వంటి పెద్దవాళ్ల చేతుల్లోనా, లేక అదృష్టం చేతుల్లోనా? ఆ ప్రశ్నలను అప్పటికప్పుడు నోటితో తెలుగులోకి మార్చి అడిగి స్కోరు వేస్తే ఆ అంకెకు విలువ ఉండదు. అందుకే లెక్క వేయలేదు, ఆ మూడింటి మీద మాట్లాడించాను.

దేవుడి మీద భారం వేశానని ఆమె చాలాసార్లు అన్నారు. అది విని అదృష్టవాదం అనుకునే అవకాశం ఉంది. మన దగ్గర ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. దేవుణ్ణి నమ్మడం, అంతా ఎలా రాసిపెట్టి ఉంటే అలా జరుగుతుందని చేతులెత్తేయడం ఒకటి కావు. వాల్‌స్టన్ బృందం కూడా 1999లో దేవుడి మీది నమ్మకానికి వేరే కొలత తయారు చేసింది. టీచర్ గారు దేవుడికి దండం పెట్టుకుని, టాబ్లెట్ వేసుకుని, రోజూ చెరువు చుట్టూ నడిచిన మనిషి. ఆ పనులు చేయడానికి భక్తి ఆమెకు బలమే ఇచ్చింది. ఆమెను కుంగదీసింది వేరే నమ్మకం. "ఆ రోజు దానంతట అదే పడిపోయింది. మళ్లీ ఎప్పుడు పడిపోతుందో నాకు తెలీదు. వాళ్లకు తెలుస్తుంది." ఒక్క మాటలో చెప్పాలంటే, కారణం తెలియని ప్రమాదం, తన దగ్గర లేని పరిష్కారం.

రాత్రుళ్ల గురించి అడిగితే అసలు సంగతి ఇంకొకటి బయటపడింది. వారంలో మూడు నాలుగు రాత్రులు రెండింటికి అటూ ఇటూగా సెన్సర్ అలారం మోగేది. అప్పుడు అమెరికాలో మధ్యాహ్నం దాటి ఉంటుంది. ఆఫీసులో ఉన్న కొడుకు ఫోన్ చూసి అక్కకు ఫోన్ చేసేవాడు. ఆ అమ్మాయి లేచి వచ్చి అమ్మను లేపి జ్యూస్ తాగించేది. పొద్దున్న షుగర్ 240. "రాత్రి ఏమైనా తిన్నావా అమ్మా?" అని అడిగేది. ఏ పక్కకు తిరిగి పడుకుంటారని అడిగాను. ఎడమ పక్కకు. సెన్సర్ ఎడమ చేతికే. సెన్సర్ మీద బరువు పడి నొక్కుకుంటే షుగర్ లేనిపోని తక్కువగా చూపిస్తుంది. వేలు గుచ్చి సరిచూసుకోమని చెప్పినవాళ్లు లేరు. అంటే పడిపోని షుగర్‌కు జ్యూస్ తాగించి, పెరిగిన షుగర్‌కు ఆమెను నిలదీస్తున్నారు. ఐదు నెలలుగా!

మొదట చేసినవి, కుదరనివి

మందుల విషయం ముందు తేలాలి. ఆ స్కోరుకు యాంటీడిప్రెసెంట్ ఇవ్వడం సబబే. సైకియాట్రిస్టు చూశారు. మందుతో మొదలుపెట్టడం, థెరపీతో మొదలుపెట్టి గడువు పెట్టుకుని చూడడం, రెండూ కలిపి చేయడం, మూడింటిలోని మంచిచెడ్డలు ఆమెకే చెప్పాం. "అమ్మాయిని అడిగి చెప్తాను" అన్నారు. ఆత్మహత్య ప్రమాదం అప్పటికి తక్కువగా ఉంది కాబట్టి ఒక వారం ఆగడం వల్ల నష్టం లేదనుకున్నాం. మర్నాడు కూతురు ఫోన్ చేసి మీరే చెప్పండి అంటే, అమ్మనే చెప్పనివ్వండి అన్నాను. వారం తర్వాత టీచర్ గారు వచ్చి, "ఆరు వారాలు ఆగుదాం. అప్పటికీ ఇలాగే ఉంటే వేసుకుంటాను" అన్నారు. తేదీ కాగితం మీద రాసుకున్నాం.

థెరపీలో మొదట చేసింది మామూలుగా అందరం చేసేదే. మానేసిన పనులు కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టించడం. పొద్దున బాల్కనీలో మొక్కలకు నీళ్లు, సాయంత్రం నడక, పాత స్నేహితురాలికి ఫోన్. డిప్రెషన్‌కు ఇది మంచి వైద్యం. ఇక్కడ నిలబడలేదు. ఎందుకో రెండో వారానికే అర్థమైంది. నేను రాసిచ్చిన కాగితాన్ని కూతురు తీసుకెళ్లి ఫ్రిజ్ మీద టైమ్‌టేబుల్ పక్కన అతికించింది. మొక్కలకు నీళ్లు పోశావా అని సాయంత్రం అడిగేది. ఆమెకు నెత్తిన ఇంకో టైమ్‌టేబుల్ పడింది.

తర్వాత ఆలోచనల మీద పనిచేశాం. 'నేను అందరికీ భారం', 'నా వల్ల ఏమీ కాదు' వంటివి రాయించి, వాటికి సాక్ష్యాలు వెతకడం. టీచర్ గారు హోంవర్క్ చక్కగా చేసుకొచ్చారు. 'నా వల్ల ఏమీ కాదు' అన్నదానికి అనుకూలంగా ఆమె రాసిన సాక్ష్యాల్లో కొన్ని: ఈ వారం నేను ఏం తినాలో నేను నిర్ణయించలేదు. టాబ్లెట్లు ఎక్కడున్నాయో నాకు తెలీదు. గేటు దాటలేదు. వీటిని ఎలా కొట్టిపారేయను? ఆలోచన వక్రంగా ఉంటే సరిచేయొచ్చు. పరిస్థితిని ఉన్నది ఉన్నట్టు చెబుతున్న ఆలోచనను సరిచేయాలని చూస్తే, రోగికి మన మీద నమ్మకం పోతుంది. అందుకని ఆలోచనలను అక్కడే వదిలి పరిస్థితిని మార్చే వైపు వెళ్లాం.

ఇక్కడ ఇంకో మలుపుంది. మార్పు కావాలని కూతురితో చెబితే, ఆ అమ్మాయికి కోపం, బాధ రెండూ వచ్చి, ఆ రాత్రే సెన్సర్ షేరింగ్ మొత్తం ఆపేసింది. మందుల డబ్బా తెచ్చి అమ్మ మంచం పక్కన పెట్టింది. "నీ ఇష్టం అమ్మా ఇంక." మూడు రోజులు. టీచర్ గారు రాత్రంతా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. 110 ఉంటే 90 అవుతుందేమోనని, 90 ఉంటే 70 అవుతుందేమోనని. నాలుగో రోజు తనే షేరింగ్ మళ్లీ పెట్టమని బతిమాలుకున్నారు. స్వేచ్ఛ ఇస్తే సంతోషం దానంతట అదే వస్తుందనుకునేవాళ్లకు ఈ మూడు రోజులు చూపించాలి. ఏం చేయాలో తెలియని మనిషి చేతిలో అధికారం పెడితే దక్కేది టెన్షనే. మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వవేత్తలు 1967లో నిస్సహాయత అలవాటవుతుందని చెప్పారు. యాభై ఏళ్ల తర్వాత, 2016లో, తామే దాన్ని తిరగరాశారు. దెబ్బ మీద దెబ్బ తగిలినప్పుడు చతికిలబడడం జీవికి సహజమే, నేర్చుకోవాల్సింది పరిస్థితి నా చేతుల్లో ఉందన్న సంగతిని అన్నారు. అందుకే ఇక నేర్పడం మీద దృష్టి పెట్టాను.

కుదిరినవి

అన్నిటికంటే ముందు, ఆ కార్తీక సోమవారం ఏం జరిగిందో చెప్పడం. ఎండోక్రినాలజిస్టు తన గదిలోనే అరగంట ఇచ్చారు. నగరంలో ఓపీ రద్దీ తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద సాయమో అర్థమవుతుంది. తల్లీకూతుళ్లు ఎదురుగా, కొడుకు వీడియో కాల్‌లో. టాబ్లెట్ ఎలా పనిచేస్తుందో, పస్తుతో కలిస్తే ఏమవుతుందో బోర్డు మీద గీసి చూపించి ఆయన, "ఆ రోజు మిమ్మల్ని పడేసిన టాబ్లెట్ ఇప్పుడు మీరు వాడట్లేదు" అన్నారు. కూతురు ఏడ్చేసింది. ఐదు నెలల క్రితమే ప్రమాదం చాలా తగ్గిపోయిందని ఆమెకూ తెలీదు. కాపలా మాత్రం తగ్గలేదు, ఎందుకంటే తగ్గించొచ్చని ఎవరూ చెప్పలేదు.

టీచర్ గారు ఏడవలేదు. "అంటే మధ్యాహ్నం పండో పాలో తీసుకుని ఉంటే సరిపోయేదా? లేకపోతే ఆ పూట టాబ్లెట్ ఆపాలేమో మిమ్మల్ని అడిగి ఉంటే?" అని అడిగారు. అవునన్నారాయన. దానంతట అదే పడిపోయిందన్న మాట ఆ తర్వాత ఆవిడ నోట నేను వినలేదు.

రెండోది, రాత్రి అలారం. సెన్సర్ కుడి చేతికి మార్చారు. మోగితే ముందు వేలు గుచ్చి చూడాలి, తర్వాతే జ్యూస్. రాత్రి మేల్కొలుపులు దాదాపు ఆగిపోయాయి. నిద్ర కుదుటపడడమే దిగులులో సగం తగ్గించి ఉండొచ్చు. బీ12 పాత్ర ఎంతో విడదీసి చెప్పలేను. ఒక్క కేసులో ఇవన్నీ కలిసే వస్తాయి.

మూడోది పంపకం. కాగితం మీద మూడు గడులు గీసి పెట్టాం. నాది, మా అందరిది, డాక్టరుది. ఏది ఎందులో వేయాలన్నది వాళ్లే వాదించుకున్నారు. ఏం తినాలి, ఎప్పుడు నడవాలి, ఎవరింటికి వెళ్లాలి అన్నవి ఆమె గడిలోకి వెళ్లాయి. మందు మోతాదు డాక్టరుది. ఉపవాసం, జ్వరం వచ్చిన రోజులు, దూర ప్రయాణం అందరిదీ. గొడవంతా మందుల డబ్బా దగ్గర వచ్చింది. అరగంట తర్వాత, డబ్బా అమ్మ దగ్గరే ఉంటుంది, ఆదివారం రాత్రి మాత్రం కూతురు ఒకసారి చూస్తుందని తేలింది. అలారాలకూ వంతులు వేశాం. 70 కంటే తగ్గితే ముందు టీచర్ గారి ఫోన్ ఒక్కటే మోగుతుంది. ఆవిడ వేలు గుచ్చి చూసి, నిజమైతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూస్తారు. 55 కంటే తగ్గితేనే కూతురి ఫోన్ మోగుతుంది.

కొడుకు దగ్గర కష్టమైంది. "నేనక్కడ లేను మేడమ్, నేను చేయగలిగింది ఇదొక్కటే" అన్నాడు. ఆ అంకె చూసుకోవడం అతనికి అమ్మ కోసం కాదు, తన బెంగ కోసం. ఆ మాట అతని ముఖం మీద అనలేదు. అమ్మకు ఏదైనా జరుగుతుందన్న భయం ఎప్పటినుంచి అని అడిగాను. నాన్న పోయినప్పుడు టికెట్ దొరికి వచ్చేసరికి అంతా అయిపోయిందని చెప్పాడు. రెండు విడిగా సెషన్లు అతనితోనే మాట్లాడాను. చివరికి రోజంతా అంకె చూడడం మానేసి, వారానికోసారి వచ్చే సారాంశం చూడడానికి ఒప్పుకున్నాడు. ఆదివారం ఫోన్‌లో షుగర్ మాట ఎత్తకూడదని షరతు. ఎత్తేవాడు. టీచర్ గారు ఫోన్ పెట్టేసేవారు. కొన్ని వారాలకు మానేశాడు.

నాలుగోది నేను ప్లాన్ చేసింది కాదు. మే నెల, మామిడిపళ్ల కాలం. బంగినపల్లి తినొచ్చా అని అడిగారు. మీ చేతికి సెన్సర్ ఉంది, మీరు సైన్స్ టీచరు, నన్నెందుకు అడుగుతున్నారన్నాను. తర్వాతి వారం లాంగ్ నోట్‌బుక్‌తో వచ్చారు. ఎడమ పేజీలో ఏం చేశారు, కుడి పేజీలో ఏమైంది. "ఒకసారికి ఒకే ఒక్క అంశం మార్చాలమ్మా, లేకపోతే అది ప్రయోగం కాదు." మధ్యాహ్నం భోజనంలో అన్నం కొంచెం తగ్గించి రెండు ముక్కలు, ఇంకో రోజు సాయంత్రం నాలుగింటికి ఖాళీ కడుపుతో అవే రెండు ముక్కలు. మూడు ఇడ్లీ తిని కూర్చోవడం, మూడు ఇడ్లీ తిని పదిహేను నిమిషాలు నడవడం. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తినడం. తిన్న వెంటనే నడిస్తే షుగర్ అంతగా ఎగబాకదని ఆమెకు నేను చెప్పలేదు, నోట్‌బుక్ చెప్పింది. ఇంతకాలం ఆమె మీద నిఘా పెట్టిన ఆ సెన్సర్ ఇప్పుడు ఆమె పనిముట్టయింది. పరికరం అదే, అంకెలూ అవే.

అదే నోట్‌బుక్ ఇంకో పని కూడా చేసింది. అంతకుముందు 180 కనిపిస్తే ముఖం వాడిపోయేది, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు. జూన్‌లో ఒక పేజీ చూపించారు. ముందు రోజు తిండి, నడక అన్నీ సరిగ్గా ఉన్నాయి, రాత్రి పక్క ఫ్లాట్‌లో ఫంక్షన్ వల్ల నిద్ర లేదు, పొద్దున 165. "ఇందులో నేను చేసిందేమీ లేదు" అన్నారు. ఆ మాటలో దిగులు లేదు, ఫలితం నోట్ చేసుకున్నట్టు అన్నారు. ఆరోగ్యం పూర్తిగా నా చేతుల్లోనే ఉందనుకునేవాళ్లు కూడా దెబ్బతింటారు. అంకె పెరిగిన ప్రతిసారీ తమను తాము తిట్టుకుంటారు. చేసే పని మన చేతుల్లో ఉంటుంది, వచ్చే అంకె కొంతవరకే ఉంటుంది. ఇది నేను నోటితో చెప్పి ఉంటే ఉపన్యాసంలా ఉండేది.

ఆరో వారం రాసుకున్న తేదీ వచ్చింది. పీహెచ్‌క్యూ-9 స్కోరు 11. సైకియాట్రిస్టుతో మాట్లాడి, మందు మొదలుపెట్టకుండా ఇంకా ఆగుదామని ఆమే నిర్ణయించారు. ఆ నెలలోనే మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఒక్కరే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, పాత ఇల్లు ఊడ్పించి, గుళ్లో దండం పెట్టుకుని వచ్చారు. కూతురు కారు పంపిస్తానంటే వద్దన్నారట. రెండోసారి బస్సులో వెళ్లారు. "ఆడవాళ్లకు ఫ్రీ అయ్యాక మెట్రోకు డబ్బులెందుకు తగలేయాలి?"

వెనకడుగు

ఆగస్టులో వైరల్ జ్వరం వచ్చింది. షుగర్ 280 దాటింది. జ్వరం 'మా అందరిది' గడిలో ఉంది కాబట్టి కూతురు మళ్లీ అన్నీ చేతిలోకి తీసుకుంది, అది సరైనదే. జ్వరం తగ్గాక తిరిగి ఇవ్వడం దగ్గర నాకు గుబులు పట్టుకుంది. ఈ రంగంలో అందరూ చెప్పుకునేది ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం. చిన్న చిన్న నిర్ణయాలు, ఒక మొక్క బాధ్యత ఇచ్చినవాళ్లు మిగతావాళ్లకంటే చురుగ్గా, సంతోషంగా కనిపించారు. దాని పక్కనే ఉన్న ఇంకో పరిశోధనను తక్కువమంది తలుచుకుంటారు. రిచర్డ్ షుల్జ్ అదే ఏడాది ఇంకో వృద్ధాశ్రమంలో, కాలేజీ పిల్లలు ఎప్పుడు చూడడానికి రావాలో కొందరు పెద్దవాళ్లనే నిర్ణయించుకోనిచ్చాడు. వాళ్లూ బాగుపడ్డారు. పరిశోధన అయిపోయి పిల్లలు రావడం ఆగిపోయాక, 1978లో షుల్జ్, బార్బరా హనుసా మళ్లీ వెళ్లి చూస్తే, అంతకుముందు బాగుపడ్డవాళ్లే ఎక్కువ దిగజారి ఉన్నారు. చేతికిచ్చి లాక్కుంటే అసలు ఇవ్వనిదానికంటే హీనం కావచ్చు.

అందుకని జ్వరం మూడో రోజునే ఫోన్ చేసి, డబ్బా ఎప్పుడు తిరిగిస్తారో తేదీ రాసుకోమన్నాను. జ్వరం పోయిన మూడో రోజు అని రాసుకున్నారు. కూతురు ఒక రోజు ఆలస్యం చేసింది. టీచర్ గారు అల్మారా తెరిచి తనే తెచ్చుకున్నారు. నాతో సెషన్లు తగ్గించడం కూడా ఈ భయంతోనే ముందు నుంచీ నెమ్మదిగా చేశాను. వాళ్ల ఏర్పాట్లలో దేనికీ నేను అవసరం లేకుండా చూసుకున్నాను.

నాలుగు నెలలు దాటాక పీహెచ్‌క్యూ-9 స్కోరు 6, పెయిడ్ 23. హెచ్‌బీఏ1సీ 6.6 నుంచి 7.1కి పెరిగింది. కూతురు కంగారుపడింది. ఈ వయసుకు ఇది నాకు చాలని డాక్టరు చెప్పారు. ఆ సంవత్సరం కార్తీకానికి టీచర్ గారు పదిహేను రోజుల ముందే ఆయన దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, పాలూ పండ్లతో ఉపవాసం ఎలా ఉండాలో, ఎంత తగ్గితే విరమించాలో రాయించుకున్నారు.

నాకు మిగిలినవి

దీర్ఘకాలిక జబ్బున్నవాళ్లు దిగులుతో వస్తే, ఇప్పుడు మొదటి సెషన్‌లోనే కొన్ని మామూలు ప్రశ్నలు అడుగుతున్నాను. మందులు ఎవరి దగ్గర ఉంటాయి? నిన్న రాత్రి ఏం వండాలో ఎవరు చెప్పారు? మీ రిపోర్టు ముందు ఎవరు చూస్తారు? స్కోర్ల కంటే ఈ జవాబులు తొందరగా దారి చూపిస్తున్నాయి. జవాబు చెప్పే ముందు రోగి ఎవరి వైపు చూస్తున్నారో కూడా గమనిస్తాను.

డాక్టర్లకు ఒక విన్నపం. ప్రమాదకరమైన మందు మార్చినప్పుడు, దానికోసం పెట్టిన జాగ్రత్తల్లో ఏవి ఇక అక్కర్లేదో కూడా చీటీ మీద రాయండి. కుటుంబాలు జాగ్రత్తలను వాటంతటవి తగ్గించవు. తగ్గించి ఏదైనా జరిగితే ఆ నింద మోయాల్సింది వాళ్లే కదా. కూతుళ్లను, కోడళ్లను అతిగా చేస్తున్నారని మందలిస్తే ఈ కేసులో జరిగినట్టే మొత్తం వదిలేస్తారు, లేదా ఇంకా బిగిస్తారు. వాళ్ల భయానికి కూడా సెషన్‌లో చోటుండాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకోవడం గౌరవం, బాధ్యత. వాళ్లను చూసుకుంటూనే వాళ్ల పని వాళ్లకు వదలొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చెప్పాక తట్టింది.

ఇదంతా అందరికీ పనికిరాదు. టీచర్ గారి విషయంలో షుగర్ మరీ పడిపోయే మందు అప్పటికే తీసేశారు, జ్ఞాపకశక్తి బాగుంది, చదువూ అలవాటూ కలిసొచ్చాయి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు, షుగర్ పడిపోయినా ఒంట్లో తెలియనివాళ్లకు, మతిమరుపు మొదలైనవాళ్లకు 'నాది' గడి చిన్నగా ఉంటుంది, పిల్లల ఫోన్‌లో అలారం ఉండి తీరాల్సిందే. అలాంటివాళ్లలో ఒకరితో ఇప్పుడు పనిచేస్తున్నాను. ఆయన గడిలో ప్రస్తుతానికి ఉన్నవి రెండే, పొద్దున కాఫీ ఎప్పుడు తాగాలి, సెన్సర్ ఏ చేతికి పెట్టాలి. మూడోదాని కోసం ఇంట్లో ఇంకా బేరాలు నడుస్తున్నాయి.